ప్రతి మంటకూ షార్ట్ సర్క్యూటే కారణమా?

సంపాదకులు గారికి నమస్కారం.

బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను, మీ పత్రిక రోజూ చదువుతాను. ఏ పీజీ హాస్టల్లోనో అపార్ట్‌మెంట్‌లోనో మంటలు లేచాయన్న వార్త వచ్చినప్పుడల్లా చివర్లో షార్ట్ సర్క్యూట్ కారణం అయి ఉండొచ్చని ఒక ముక్క రాసి ఆపేస్తున్నారు. అది చదివినవాళ్లకు ఇదేదో మన చేతిలో లేని వ్యవహారం అనిపిస్తుంది. కానీ ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద ఎక్కువ లోడు వేయడం, ప్లగ్గు లూజుగా ఉండటం కూడా మంటలు పుట్టిస్తాయి, ఆ రెండూ పూర్తిగా మన చేతిలో ఉన్నవే. దయచేసి వాటి గురించి కూడా రాయండి.

లెక్క పదో తరగతిదే. వోల్టేజీని కరెంటుతో గుణిస్తే వాట్లు, వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు కాబట్టి 2000 వాట్ల గీజరు దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది, దాని కాయిల్ నిరోధం 26 ఓమ్‌ల చిల్లర. ఇప్పుడు మామూలు చిన్న సాకెట్టు చూడండి, దాని మీద 6 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. 230ని 6తో గుణిస్తే 1380 వాట్లు, అంతే, అది మోయగలిగింది అంత వరకే. 1500 వాట్ల వాటర్ హీటర్ రాడ్డు కూడా దానికి ఎక్కువే. పెద్ద ప్లగ్గును చిన్న సాకెట్టులో పెట్టుకోవడానికి కన్వర్టర్లు అమ్ముతున్నారు, వాటితో పిన్నులు పడతాయి గానీ సాకెట్టు బలం పెరగదు కదా!

ఇక పీజీ గది. మన ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు మెస్ తిండి పడక ఒక ఇండక్షన్ స్టవ్, ఒక కెటిల్ కొనుక్కుంటారు, తప్పేం లేదు. కానీ 2000 వాట్ల స్టవ్వూ 1500 వాట్ల కెటిలూ ఒకే బాక్సుకి పెట్టి ఒకేసారి వేస్తే 15 ఆంపియర్లు దాటుతుంది. ఆ బాక్సు 6 ఆంపియర్లదైతే కరెంటు రెండున్నర రెట్లు, వైరులో పుట్టే వేడి మాత్రం ఆరు రెట్లకు పైనే, ఎందుకంటే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1840ల్లోనే జౌల్ అనే ఆయన ప్రయోగాలు చేసి తేల్చిన విషయం ఇది. మరి కరెంటు మితిమీరితే దానంతట అదే లైను ఆపేసే స్విచ్చి, అదే ఎంసీబీ, పడిపోదా అంటే, ఆ లైనుకి ఉన్నది 16 ఆంపియర్ల ఎంసీబీ అయితే పడదు. అది గోడలోని వైరును చూసుకుంటుంది, మనం నేల మీద పరిచిన సన్న వైరు సంగతి దానికి తెలియదు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది లూజు కాంటాక్ట్. గీజరు ప్లగ్గు పిన్ను దగ్గర సరిగా బిగుతు లేక అర ఓమ్ నిరోధం చేరిందనుకోండి. అర ఓమే కదా అనిపిస్తుంది. 8.7ని 8.7తో గుణించి సగం చేయండి, దాదాపు 38 వాట్లు. ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపుల్లో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది, దానికంటే ఎక్కువ వేడి ఒక ప్లాస్టిక్ సాకెట్టు లోపల, అంత చిన్న చోట! షార్ట్ సర్క్యూట్‌లో నిరోధం దాదాపు సున్నా అయి కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి ఎంసీబీ వెంటనే పడుతుంది. ఇక్కడ నిరోధం పెరిగింది, కరెంటు కాస్త తగ్గింది కూడా, ఇక ఎంసీబీ ఎందుకు పడుతుంది? ప్లగ్గు పసుపురంగుకి తిరగడం, కాలిన వాసన, తాకితే చురుక్కుమనడం, మనకు దొరికే సూచనలు ఇవే. అవి కనిపిస్తే స్విచ్చి ఆపి సాకెట్టు మార్పించాలి, టేపు చుట్టి మళ్లీ వాడకూడదు.

ఒక మాట, ఈ భాగహారం హీటర్లకూ ఇస్త్రీపెట్టెలకూ సరిగ్గా సరిపోతుంది. ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, చార్జర్ల దగ్గర వోల్టేజీని కరెంటుతో భాగించి అదే లోపలి తీగచుట్ట (వైండింగ్) నిరోధం అనుకోకూడదు, గుణిస్తే వచ్చేదీ అసలు వాట్ల కంటే ఎక్కువే ఉంటుంది. పాత ఫిలమెంటు బల్బు చల్లగా ఉన్నప్పుడు మీటరు పెట్టి కొలిస్తే వెలుగుతున్నప్పటి నిరోధంలో పదో వంతు కూడా రాకపోవచ్చు. కరెంటు ఎంత పోతోందో చూడాలంటే వైరును కోయకుండా దాని చుట్టూ పట్టి కొలిచే క్లాంప్ మీటర్లు ఇక్కడి ఎస్పీ రోడ్డు దుకాణాల్లో దొరుకుతాయి, సరైన చోట ఎలక్ట్రీషియన్ చేత పెట్టించి చూపించుకోవచ్చు. ఆన్‌లో ఉన్న వైరును కోసి మీటరు కలిపే సాహసం మాత్రం ఎవరూ చేయొద్దు.

చలికాలం మొదలయ్యే ముందు, ఇక్కడ గీజర్లూ రాడ్లూ బయటికి తీసే రోజుల్లో, ఈ లెక్కతో ఒక చిన్న పట్టిక మీ బెంగళూరు పేజీలో వేయండి. పీజీలు నడిపే మనవాళ్లు ప్రతి స్విచ్‌బోర్డు పక్కన ఈ సాకెట్టుకి ఎన్ని వాట్ల వరకు పెట్టొచ్చో తెలుగులో, కన్నడలో రాసి అతికించాలి. అలాగే ఇకపై మంటల వార్త రాసేటప్పుడు మీ విలేకరులు ఆ గదిలో ఏమేం వస్తువులు, ఎన్ని ఆంపియర్ల బాక్సుకి పెట్టి ఉన్నాయో కూడా అడిగి రాస్తే చాలా మేలు.

– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు