వార్డెనమ్మ ఇల్లు మారింది

రాజమహేంద్రవరం,
మార్చి 9, ఆదివారం.

ప్రియ మిత్రమా,

సంక్రాంతికి నీవు రాసిన ఉత్తరానికి మార్చిలో జవాబిస్తున్నందుకు క్షమించు. తిట్టదలచుకుంటే మాత్రం ఉత్తరం చివరిదాకా చదివిన తరువాతనే తిట్టు. అమ్మ మోకాలి నొప్పి కొంత తగ్గింది, పెద్దదానికి ఇంటర్ పరీక్షలు మొదలయ్యాయి, నా బదిలీ వ్యవహారం ఇంకా తేలలేదు. ఇంటి కబుర్లు ఇంతటితో సరి. అసలు సంగతి ఏమిటంటే, వార్డెనమ్మ, అదే మన రాణిచీమ, మొన్న గురువారం రాత్రి సపరివారంగా ఇల్లు మారింది. ఆనాడు వానలో గొడుగు పట్టుకుని, "ఇంకో రెండు నిమిషాలు" అంటూ ముప్పావు గంట నిలబడినవాడివి నీవే గనుక ఈ వార్త అందరికంటే ముందు నీకే చేరాలి. ఆ గొడుగు సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు, భయపడకు.

2023 జూన్‌లో మనం వీధి దీపం కింద ఆవిడను పట్టుకున్నప్పుడు ఆవిడ ఒంటరిది, రెక్కలు అప్పుడే రాల్చుకుంది. నీ మాత్రల సీసాలో ఇంటికి తెచ్చి, అడుగున నీళ్ళూ నడుమ దూదీ పెట్టిన గాజు గొట్టంలోకి మార్చాను. ఆ తరువాత నెలకు పైగా ఆవిడ ఒక్క మెతుకు ముట్టలేదని నీకు అప్పుడే రాశాను. ఇక ఎగరవలసిన పని లేదు గనుక రెక్కల కండరాలను కరిగించుకుని, ఆ బలంతోనే రాణి తన మొదటి సంతానాన్ని సాకుతుంది. అలా పుట్టిన ఆ బక్కచిక్కిన అరడజను కూలీల నుంచి నేటికి నూట యాభైకి తక్కువ కాని సంసారం ఏర్పడింది. వాటిలో తల పెద్దవైన బంట్లు కూడా పాతిక దాకా ఉంటాయి. మనం చిన్నప్పటి నుంచి గండుచీమ అంటున్న ఈ జాతికి డెన్మార్కు శాస్త్రవేత్త ఫాబ్రీసియస్ 1787లోనే పేరు పెట్టాడట. ఇప్పుడు దానిని కాంపోనోటస్ కంప్రెసస్ అంటున్నారు. నాకు మాత్రం వార్డెనమ్మే బాగుంది. ఆ నడక చూస్తే నీవూ ఒప్పుకుంటావు.

సంసారం పెరిగింది గాని ఇల్లు పెరగలేదు. మిఠాయి డబ్బాలో పక్కపక్కనే పెట్టిన రెండు గాజు గొట్టాలలోనే అందరూ కిక్కిరిసి ఉండేవారు. ఒక గొట్టంలో నీళ్ళు ఇంకిపోయాయి, రెండవ దానిలో దూది నల్లబడి బూజు వాసన వస్తోంది. అందుచేత వినాయక చవితికి మిగిలిన బంకమట్టితో అయిదు గదుల ఆకారాలు చేసి, వాటి మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి, గట్టిపడిన తరువాత మట్టిని గీకి తీసి, మూడు వారాలు డాబా మీద ఎండబెట్టి ఒక సౌధం నిర్మించాను. ఒక మూల తడి నిలవడానికి చిన్న నీటి గుంట పెట్టాను. పైన అద్దం, దాని మీద నాటకాల లైట్లకు కట్టే ఎర్ర జిలేటిన్ కాగితం. చీమకు ఎరుపు దాదాపు చీకటితో సమానం. ఇంగ్లండులో జాన్ లబ్బక్ అనే ఆయన పంతొమ్మిదవ శతాబ్దంలోనే గాజు పలకల మధ్య చీమలను పెంచి, ఇంద్రధనుస్సు రంగులను వాటి పిల్లల మీద పడేటట్లు చేసి చూశాడు. మన కంటికి కనిపించని అతినీలలోహిత కాంతి పడిన చోటి నుంచి అవి పిల్లలను తీసుకుపోయి ఎర్ర వెలుగులో పెట్టాయట. ఆయన దగ్గర ఒక రాణి 14 ఏళ్ళకు పైగా బతికింది. ఈ మాట నీ చెల్లెలికి చెప్పినప్పుడు ఆమె ముఖం చూడవలసింది.

సౌధం సిద్ధమైంది గాని దారి వేయడంలో నా తెలివి బయటపడింది. ఇంట్లో పడి ఉన్న సెలైన్ గొట్టాన్ని రెండు ఇళ్ళకూ కలిపాను. చిన్న కూలీలు హాయిగా వెళ్ళి వచ్చాయి. ఆ వెనుక ఒక బంటు తల దూర్చింది, సీసాకు బిరడా బిగించినట్లు అక్కడే బిగుసుకుపోయింది. వెనుక నుంచి రెండు కూలీలు దాని కాళ్ళు పట్టుకుని లాగుతున్నాయి, ముందు నుంచి ఒకటి దాని దవడ పట్టుకుని లాగుతోంది, ఎవరి లాగుడు వారిదే. బంటుకే దారి లేకపోతే వార్డెనమ్మకు ఎక్కడ ఉంటుంది? పక్క సందులో ఇల్లు కడుతున్న మేస్త్రీని అడిగి, మట్టం చూసే లెవెల్ పైపు ముక్క ఒకటి తెచ్చుకున్నాను. నిగనిగలాడే ఆ పైపులో వేలు దూరేటంత చోటు ఉంది.

అయితే పాత గొట్టం తీసి కొత్తది పెట్టే ఆ అర నిమిషంలో ఓ ముప్పై చీమలు బల్ల మీదికి పొంగాయి. డబ్బా అంచుకు స్పిరిట్‌లో కలిపిన టాల్కం పౌడరు పూశాను గనుక అక్కడ జారిపోయాయి గాని, నా చేతికి అటువంటి పూత లేదు కదా! గండుచీమకు కుట్టే ముల్లు లేదని నీతో వాదించి పకోడీలు గెలుచుకున్నాను, గుర్తుందా? ఆ వాదన నిజమే. అది కరుస్తుంది, కరిచిన చోట నడుము వంచి ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది. బొటనవేలి పక్కన చర్మం చిట్లి ఉన్న చోటనే ఒకటి పట్టింది. నేను వేసిన కేకకు అమ్మ మోకాలి నొప్పి మరచి లేచి వచ్చింది. కనుక ఆ పకోడీల ఖర్చులో సగం నీకు తిరిగి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇక అక్కడి నుంచి పదకొండు రోజులు! సౌధం మీద నల్లగుడ్డ కప్పాను, పాత గొట్టాల మీది కాగితం తీసివేసి టేబుల్ లైటు వేశాను, వేడికి పిల్లలు ఉడికిపోతాయేమోనని మళ్ళీ దూరం జరిపాను. అద్దె ఇల్లు ఖాళీ చేయించడానికి యజమానులు చేసే పనులన్నీ చేస్తున్నానని నీ చెల్లెలు అన్నది. అవి మాత్రం కదలలేదు. దూది పీచులూ బొద్దింక కాళ్ళూ తెచ్చి గొట్టం మూతికి అడ్డంగా పేర్చి, లోపల చీకటి చేసుకున్నాయి. నాలుగవ నాడు ఒక కూలీ ఏదో నోట కరచుకుని లెవెల్ పైపులోకి వెళ్ళడం చూసి సంబరపడ్డాను. దగ్గరగా చూస్తే అది చచ్చిన చీమ. వారం తిరిగేసరికి నేను ఎంతో మోజుగా నునుపు చేసిన మూడవ గదిలో పన్నెండు శవాలూ, గుల్లగా తినేసిన ఒక పురుగు తలా పోగుపడ్డాయి. మూడు వారాల నా శ్రమ వాటికి శ్మశానంగా పనికి వచ్చింది. ఆ రోజు భోజనం కూడా సరిగా చేయలేదంటే నీవు నవ్వుతావు. నవ్వు.

గురువారం నాడు విసుగెత్తి లైటు ఆర్పేశాను. వాటి మానాన వాటిని వదిలి పడుకున్నాను. రెండవ గొట్టంలో నీళ్ళు కూడా ఆ రోజే ఇంకిపోయాయని నేను గమనించలేదు. రాత్రి ఒంటిగంటన్నరకు మంచినీళ్ళకు లేచి, అలవాటు చొప్పున సెల్‌ఫోను లైటు మీద ఎర్ర కాగితం కప్పి చూద్దును కదా, లెవెల్ పైపు నిండా చీమలు!

వాటిలో సగం ఖాళీ నోళ్ళతో ఇటు వస్తున్నాయి, సగం బరువులతో అటు పోతున్నాయి. గుడ్లను ముద్దగా పట్టుకుని పోతున్నవి కొన్ని, తెల్లని పురుగుపిల్లలను మోస్తున్నవి కొన్ని. చీమగుడ్లని మనం పొరబడే ఆ పట్టుగూళ్ళను బంట్లు పండిన మామిడిపండును పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకుని వెళ్ళాయి. అన్నిటికంటే వింత ఏమిటంటే, చీమలను చీమలే మోశాయి. కోల్‌కతాలోని ఐసర్ అనే విజ్ఞాన పరిశోధన సంస్థలో సుమనా అన్నగిరి బృందం పరిశీలించిన డయకామా ఇండికం చీమలలో దారి తెలిసినది ముందు నడిస్తే, వెనుకది మీసాలతో దాని ఒంటిని తడుముకుంటూ జంటగా వెళుతుందని నీకు పోయినసారి రాశాను. ఇక్కడా అదే జరుగుతుందని ఎదురు చూశాను. మనవాళ్ళ పద్ధతి వేరు. కొత్త ఇల్లు చూసి వచ్చినది ఊరికే నిలబడి ఉన్న ఒకదాని ఎదుటికి వచ్చి, దవడ పట్టుకుని రెండు సార్లు గుంజుతుంది. అంతే, రెండవది కాళ్ళూ మీసాలూ ముడుచుకుని గూటిలో పిల్లలాగా ఉండ అయిపోతుంది. మొదటిది దానిని తన ఒంటి కిందికి ఎత్తుకుని పైపు వెంట నడిచిపోతుంది. అక్కడ దించగానే ఆ ఉండ విప్పుకుని, ఏమీ ఎరగనట్లు మీసాలు తుడుచుకుంటుంది. అలా మోసుకుపోయిన వాటిని నలభై ఒకటి దాకా లెక్కపెట్టి, ఆ తరువాత లెక్క తప్పాను.

అందరూ అటు మోస్తుంటే ఒకటి మాత్రం ఇటు మోసింది. దాని ఎడమ మీసం సగమే ఉంటుంది గనుక ఆనవాలు పట్టగలిగాను. సౌధంలో దించిన పట్టుగూటినే ఎత్తుకుని, ఎదురొచ్చే వారందరినీ తోసుకుంటూ పాత గొట్టానికి తిరిగి తెచ్చి పెడుతోంది. ఇంకొకటి వచ్చి దానినే మళ్ళీ పట్టుకుపోతుంది. నా కళ్ళ ముందే ఆరుసార్లు జరిగిందిది. హాస్టల్లో మూడవ నంబరు గది ఖాళీ చేయమన్న నాటి నీ ట్రంకుపెట్టె జ్ఞాపకం వచ్చి ఆ అపరాత్రి ఒంటరిగా నవ్వుకున్నాను. దానికి నీ పేరే పెట్టాను, ఏమనుకోకు.

వార్డెనమ్మ మూడు గంటలు దాటిన తరువాత కదిలింది. ఆవిడను ఎవరూ ఎత్తలేదు. ముందు ఒక కూలీ వచ్చి దవడ గుంజింది, ఆవిడ పట్టించుకోలేదు. చుట్టూ జనం పలచబడి, పిల్లలు ఒక్కటీ మిగలక, దూది మీద తాను మాత్రమే నిలబడి ఉన్నప్పుడు నెమ్మదిగా దిగింది. పైపు వంపు దగ్గర ఆగిపోయింది. ఇరవై నిమిషాలు! వెనక్కి తిరుగుతుందేమోనని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. పైపు గోడకు ఆవిడ పొట్ట ఒరుసుకుని, పట్టీల నడుమ లేత చర్మం సాగి కనిపిస్తోంది. అంతలో వెనుక నుంచి నాలుగు కూలీలు వచ్చి ఆనుకున్నాయి. తోశాయో, ఊరికే తడిమాయో తెలియలేదు. ఆవిడ నడిచింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎందుకో... ఈ మాట నీ దగ్గరే ఉండనీ.

తెల్లవారి చూస్తే, నేను రాణివాసమని చెక్కిన పెద్ద గది ఖాళీగా ఉంది. నీటి గుంట పక్కన మట్టి సరిగా రాక వంకరపోయిన చిన్న గదిలో, పిల్లలన్నిటినీ కింద వేసుకుని, సంసారం మొత్తం ఇరుక్కుని కూర్చుంది. శ్మశానం ఉన్న చోటనే ఉంది. నీ పేరు గలది నిన్న సాయంత్రం దాకా పాత గొట్టంలోనే ఒంటరిగా తిరుగుతోంది. బెల్లం నీళ్ళ చుక్క పెట్టాను గాని తాగిందో లేదో

పక్కింటి ఆయన భద్రాచలం బస్సుకు బయలుదేరుతున్నారు, కింద ఆటో హారన్ కొడుతోంది. ఈ ఉత్తరంతో పాటు నీ మాత్రల సీసా కూడా ఆయన చేతికే ఇస్తున్నాను. లోపల దూదిలో ఉన్నది చెత్త అనుకుని పారేయకు, అది వార్డెనమ్మ మొదటి బిడ్డ విప్పి పారేసిన పట్టుగూడు.

నీ
శ్మశాన నిర్మాత