పాదం నొక్కి చూసినవాడు

చిట్టితల్లీ,

మొన్న ఫోనులో అడిగావు కదా, విషం తాగిన సోక్రటీసు వాంతులూ ఫిట్సూ లేకుండా అంత నెమ్మదిగా ఎలా పోయాడని. అప్పుడు పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, సరిగ్గా చెప్పలేకపోయాను.

క్రీ.పూ. 399, ఏథెన్స్ చెరసాల. విషం గిన్నె ఇచ్చినవాడు ఆయన్ను కాసేపు నడవమన్నాడు. కాళ్లు బరువెక్కాక పడుకోబెట్టి, పాదాన్ని గట్టిగా నొక్కి, తెలుస్తోందా అని అడిగాడు. లేదన్నాడు సోక్రటీసు. తర్వాత పిక్కలు, ఆపైన ఇంకాస్త. చల్లదనం పొత్తికడుపు దగ్గరికి వచ్చాక కూడా ఆయనకు మతి చెదరలేదు. వైద్య దేవుడు అస్క్లెపియస్‌కు ఒక కోడిపుంజు బాకీ ఉన్నామని స్నేహితుడు క్రిటోకు గుర్తుచేశాడు. ముప్పై ఏళ్లు వార్డులో నర్సుగా తిరిగిన నాకు ఇది కేస్ షీటు చదివినట్టే ఉంటుంది. రాసిన ప్లేటో మాత్రం ఆ రోజు ఒంట్లో బాగాలేక అక్కడ లేడు!

గురువు చావును ప్లేటో అందంగా దిద్దాడని కొందరు అన్నారు. కానీ ఫిట్స్ తెప్పించేది నీటి హెమ్లాక్ అనే విషపు మొక్క. సోక్రటీసు తాగింది కోనియం అనే వేరే హెమ్లాక్ మొక్క విషం. రెండూ మన కొత్తిమీర కుటుంబానివే, పనితీరు వేరు. కోనియంలోని కోనియిన్ అనే విషం నరం కండరాన్ని కలిసే చోట అడ్డుపడుతుంది. మెదడు తేటగానే ఉంటుంది, ఊపిరి ఆగుతుంది. స్పర్శ ఎందుకు పోయిందన్నది మాత్రం దీనితో అంత తేలిగ్గా తెగదు.

ఒకసారి మా వార్డుకు గిలాన్ బారే అనే నరాల జబ్బుతో ఒక కుర్రాడు వచ్చాడు. కాళ్లు, తర్వాత చేతులు పడిపోయాయి. క్రికెట్ స్కోరు మాత్రం అడుగుతూనే ఉన్నాడు. ఊపిరి బలం చూడటానికి ఒక్క గుక్కలో అంకెలు లెక్కపెట్టించేవాళ్లం. పొద్దున ఇరవై దాటినవాడు సాయంత్రం పన్నెండు దగ్గర ఆగిపోయాడు. వెంటనే వెంటిలేటర్ మీద పెట్టారు. రెండు నెలలకు నడిచి ఇంటికి వెళ్లాడు.

క్రీ.పూ. 323లో బాబిలోన్‌లో పోయిన అలెగ్జాండర్‌దీ ఈ జబ్బేనని 2018లో ఒక వాదన వచ్చింది. రోజుల తరబడి శవం చెడలేదంటే, అప్పటికి ఇంకా ప్రాణం ఉందేమో అని. నాకు నమ్మకం కుదరలేదు. శవం సంగతి రాసిన గ్రీకు రచయిత ప్లూటార్క్ నాలుగు వందల ఏళ్ల తర్వాతివాడు. పాదం నొక్కి చూసినవాడు అక్కడ ఎవరూ లేరు. ఇక గద్ద జారవిడిచిన తాబేలు బట్టతల మీద పడి పోయాడంటారే, ఆ గ్రీకు నాటకకర్త ఎస్కిలస్ కథకు నీ చదువుతో పనే లేదు.

బాకీ అంటే గుర్తొచ్చింది, నీ మెస్ బిల్లు రేపు వేస్తాను.

అమ్మ