మెహదీపట్నంలో మాతో దిగిన తమ్ముడికి

అమ్మ మోకాళ్ల ఆపరేషన్ కోసం మధురపూడిలో విమానమెక్కి శంషాబాద్‌లో దిగేసరికి బాగా చీకటి పడింది. బుక్ చేసిన క్యాబ్ రద్దయిపోయింది, అక్కడికి మెట్రో లేదు, అమ్మేమో నిలబడలేకపోతోంది, నాకు ఒకటే టెన్షన్. మా మాట విని ఒక కుర్రాడు ఆగాడు. "కోనసీమ వాళ్లేనాండీ? మాదీ అటేనండి" అంటూ మా బ్యాగులు అందుకుని ఆర్టీసీ పుష్పక్ బస్సు దాకా నడిపించాడు. 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద వస్తున్నంతసేపూ అమ్మకి ధైర్యం చెబుతూనే ఉన్నాడు. తను ఇంకా ముందుకు వెళ్లాలి, అయినా మెహదీపట్నంలో మాతోపాటు దిగిపోయాడు. ఆటో మాట్లాడి, "ఏ కాలు ఎక్కువ నొప్పమ్మా?" అని అడిగి, రోడ్డు మీదే మోకాళ్ల మీద కూర్చుని, ముందు ఆ కాలు, తర్వాత రెండోది, రెండు చేతులతో ఎత్తి మెల్లగా లోపల పెట్టాడు. కన్నకొడుకైనా అంత జాగ్రత్తగా చేస్తాడా అనిపించింది. పేరడిగితే నవ్వేసి, "ముందు అమ్మగారిని చూసుకోండి" అన్నాడు.

తమ్ముడూ, అమ్మ ఇప్పుడు కర్ర లేకుండా కాలువగట్టు దాకా నడుస్తోంది. నీకు చాలా చాలా కృతజ్ఞతలు. అమలాపురం వైపు వస్తే మా ఇంట్లో భోంచేసే వెళ్లాలి, ఇది అమ్మ మాట.