దాన్ని తోమకు, చిన్నా

చిన్నా,

నువ్వు వేలంలో కొన్న కత్తి ఫొటోలు అందాయి. మూడు రాత్రులుగా జూమ్ చేసి చూస్తున్నాను. "నీకు తోడు వీడొకడు తయారయ్యాడు" అని మీ నాన్న ఒకటే నవ్వు. మిగతా కబుర్లు తర్వాత. ముందు దాన్ని తోమకు.

హాల్లో గోడ మీదున్న 1796 నమూనా సేబర్, అదే గుర్రపు దళం వంకకత్తి, స్టీలు గరిటెలా ఎందుకు మెరుస్తుందని చిన్నప్పుడు అడిగేవాడివి. నేను మాట దాటేసేదాన్ని. అది నా మొదటి కత్తి. కొన్నరోజే సింకు దగ్గర పెట్టుకుని ఉప్పుకాగితంతో ఇత్తడి బిందె తోమినట్టు తోమేశాను. రెండొందల ఏళ్ల నలుపు గంటన్నరలో వదిలింది. దాంతోపాటు అలుగు (కత్తి రేకు) వెన్ను మీద, అంటే పదును లేని మందపాటి అంచు మీద, ఉన్న తయారీదారు పేరూ పోయింది. ఓ, ఎస్, బి అని మూడక్షరాలు మిగిలాయి. బర్మింగ్‌హామ్‌లో కత్తులు చేసే ఆస్బర్న్ అన్నమాట! ఫ్లాండర్స్ యుద్ధంలో తమ గుర్రపు దళం కత్తులు చూసి విసిగిపోయిన లె మార్చంట్ అనే ఇంగ్లీషు అధికారి, ఈ ఆస్బర్న్‌తో కలిసే ఆ నమూనా తయారు చేయించాడు. ఆ పేరునే నా చేత్తో చెరిపేశాను. మీ నాన్నకి ఇప్పటికీ చెప్పలేదు.

నీది మూడు ఇత్తడి కమ్మీల పిడి కాబట్టి ఫ్రెంచి కత్తే అనిపిస్తోంది. వాళ్ల విప్లవ క్యాలెండరులో 11వ ఏడు, అంటే 1802-03 నాటి నమూనా. నిజమో కాదో వెన్నే చెప్పాలి. అల్సాస్‌లోని క్లింగెన్‌తాల్ కార్ఖానా పేరు సన్నటి వాలు అక్షరాల్లో ఉంటుంది. ముందు "ఇంపీరియల్" అని ఉంటే నెపోలియన్ కాలం, "రాయల్" అని ఉంటే రాజులు తిరిగొచ్చాక చేసింది. నెల, సంవత్సరం కూడా కనబడితే నీ అదృష్టం. అలుగు పొడవు కూడా కొలువు. మొన విరిగితే సానబట్టి పొట్టి చేసి అమ్మేవాళ్లుంటారు. ఒరలో గలగలలాడుతుంటే రెండూ జతగా పుట్టినవి కాకపోవచ్చు. అయినా పారేయాల్సిన పని లేదులే.

ఎర్రతుప్పు ఉన్నచోట మాత్రం కాస్త మెషీను నూనె, మెత్తని నూలుగుడ్డ. నల్లమచ్చల జోలికి పోకు. వట్టి చేత్తో అలుగు పట్టుకోకు, వేలిముద్రలు తుప్పవుతాయి.

ఒర అంటే గుర్తొచ్చింది. ఇంగ్లీషు గుర్రపు దళం కెప్టెన్ నోలన్ తెలుసుగా, 1854లో క్రిమియా యుద్ధంలో బాలక్లావా దగ్గర మొదట్లోనే చచ్చిపోయినాయన. అంతకు ముందేడు రాసిన పుస్తకంలో మన హైదరాబాద్ నిజాం గుర్రపు దళం గురించి చెప్పాడు. వాళ్ల కత్తివేట్లకు కాళ్లూ చేతులూ తెగిపడ్డాయని తెలిసి, ఏం కత్తులా అని ఆరా తీస్తే, అవి ఇంగ్లీషు సైన్యం పారేసిన పాత అలుగులే! తమ పద్ధతిలో పిడి వేసుకుని, మంగలికత్తిలా సానబట్టి, చెక్క ఒరలో పెట్టుకున్నారు. పోరులో తప్ప బయటికి తీయరు. ఇంగ్లీషు వాళ్లదేమో ఇనప ఒర, దూసినప్పుడల్లా పదును అరిగిపోయేది. మీవాళ్లకి ఎలా నేర్పుతారని అడిగితే, నేర్పేదేం లేదు దొరా, పదునుంటే ఎవరి చేతిలోనైనా తెగుతుందన్నాడట ఓ ముసలి సవారు. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. గోడ మీది దాని జతకత్తి ఒకటి మన గోల్కొండ వైపు తిరిగి ఉండొచ్చుగా అని.

వందేళ్లు దాటింది కాబట్టి ఇంగ్లండ్‌లో 2008లో వచ్చిన వంకకత్తుల అమ్మకం నిషేధం దీనికి వర్తించదు. రసీదు దాచుకో చాలు. రైల్లో మాత్రం తేకు, టెన్షన్. ఆదివారం నాన్న కారేసుకుని వస్తారు.

ఈలోగా రాత్రి గదిలో లైటార్పి, టార్చి పక్కనుంచి వాలుగా వేసి వెన్ను ఫొటో తీయి. పైనుంచి వేస్తే అక్షరాలు కనబడవు. రాగానే పంపు, మేలుకునే ఉంటాను.

అమ్మ