‘ప్రొమీథియస్’ని డేవిడ్ పక్కన కూర్చుని చూడు

తిరుపతి,
ఆదివారం సాయంత్రం

ఏమప్పా, బాగుండావా?

నీ ఉత్తరం అందింది. రిడ్లీ స్కాట్ 2012లో తీసిన ‘ప్రొమీథియస్’, అదే మనుషులను చేసినవాళ్లను వెతుక్కుంటూ ఓడెక్కి పోయే, ఆయన 1979 ‘ఏలియన్’కు ముందు జరిగే కథ, దాని మీద నీ కోపమంతా పూర్తిగా చదివినా. సైంటిస్టులని పేరు పెట్టి తీసుకుపోయిన వాళ్లు అంత తెలివితక్కువగా ఉంటారా, ఏలియన్ పుట్టుక చెప్తామని ఆశపెట్టి చెప్పకుండా వదిలేస్తారా, ‘ఏలియన్’లో పాడుబడ్డ ఓడ కుర్చీలో చచ్చిపడున్న ఆ పెద్ద ప్రాణి స్పేస్ జాకీని పట్టుకొచ్చి సూటు తొడుక్కున్న తెల్లమనిషిని చేస్తారా అని అడిగినావు. మూడింట్లో రెండు ఒప్పుకుంటా. అయినా ఆ సినిమా నువ్వు ఇంకోసారి చూడాల్సిందేనంటా. ఎందుకు చూడాలో, ఎట్లా చూడాలో రెండూ రాస్తా, తీరిగ్గా చదువుకో.

ముందు ఒక చిక్కు విప్పుదాం. 1979 ‘ఏలియన్’లో హీరోయిన్ రిప్లీ వాళ్లు దిగిన చోటుకు ఎల్‌వీ-426 అనే పేరు 1986లో వచ్చిన రెండో భాగంలో పెట్టినారు. ‘ప్రొమీథియస్’ ఓడ దిగేది ఎల్‌వీ-223లో. చోటు వేరే, ఓడ వేరే, కుర్చీలో కూర్చున్నవాడూ వేరే. ఇందులో ఇంజనీర్లు, అదే మనుషులను చేసిన జాతి, వాళ్లలో ఆ చివరివాడు చచ్చేది కుర్చీలో కాదు, ఓడలో పెత్తనం చేసే విక్కర్స్ లైఫ్‌బోట్‌లో. ఈ కథ 2093లో జరుగుతుంది, రిప్లీ కథ 2122లో. ఆ ముక్క ఈ ముక్క అతికించి లెక్క సరిచూద్దామని కూర్చున్నవాళ్లందరికీ ఇక్కడే దెబ్బ తగిలింది. జాన్ స్పైట్స్ మొదట రాసిన స్క్రిప్టులో పాత సినిమా సరంజామా చాలా ఉండేది. తరవాత వచ్చిన డేమన్ లిండెలాఫ్ దాన్ని తగ్గించి, చేసినవాడికీ చేయబడినవాడికీ మధ్య గొడవను ముందుకు తెచ్చినాడు. ట్రైలర్ మాత్రం 1979 ట్రైలర్ సైరన్ కూతనే వాడుకునింది, టైటిల్ అక్షరాలు కూడా అట్లాగే ఒక్కో గీతా తేలుతూ వస్తాయి. ఒకటి చూపించి ఇంకోటి వడ్డించినారు. జనం కోపంలో సగం దాని మీదిదే.

స్పేస్ జాకీ విషయంలో మాత్రం నీ మాటే నా మాట. 1979లో అది కుర్చీలోంచే మొలిచినట్టు, ఎముకలు రాయైపోయినట్టు ఉండేది. ఆ సెట్టు ఇంకా పెద్దగా కనపడాలని రిడ్లీ స్కాట్ తన చిన్న పిల్లలకే స్పేస్‌సూట్లు తొడిగి దాని పక్కన నడిపించినాడు. 2012లో ఆ ఎముకలే సూటు అన్నారు, లోపలున్నవాడు మనకంటే రెండు మూడడుగులు ఎత్తు, అంతే. ఏ కొలత వేసినా ఆ రెండూ కలవవు. అదొక నష్టం, దాన్ని నేను సమర్థించను.

ఇప్పుడు అసలు సంగతి. ఈ సినిమాకు హీరో షా అనే ఆడ సైంటిస్టు అనుకుంటే సగమే దక్కుతుంది. ఓడలో ఉన్న మనిషి రూపం రోబో డేవిడ్ సినిమా అనుకుని చూడు. మొదటి పావుగంటలోనే స్కాట్ మనకది చెప్పేస్తాడు. రెండేళ్ల పైచిలుకు ప్రయాణంలో అందరూ నిద్రపోతుంటే వాడొక్కడే మేలుకుని ఉంటాడు. సైకిల్ తొక్కుతా బాస్కెట్‌బాల్ వేస్తాడు, ఒక పాత భాష నేర్చుకుంటాడు, షా కలల్లోకి తొంగి చూస్తాడు. 1962 నాటి ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ చూసి అందులో హీరో పీటర్ ఓటూల్ మాదిరి జుట్టుకు రంగేసుకుంటాడు, ఆ డైలాగులు అద్దం ముందు ప్రాక్టీసు చేస్తాడు. తనను చేసినవాళ్లు మనుషులు, ఆ మనుషుల్లో ఎవరిలా ఉండాలో మాత్రం తనే ఎంచుకున్నాడు. ఎంచుకునింది కూడా ఎవర్ని? రెండు జాతుల మధ్య నలిగి, ఎవరికీ పూర్తిగా చెందనివాణ్ణి. ఈ ఎంపిక ఊరికే పెట్టింది కాదప్పా.

తరవాత బిలియర్డ్స్ బల్ల దగ్గర షా ప్రియుడు, తోటి సైంటిస్టు హాలొవేతో మాటలు. నువ్వు ఎన్నిసార్లు చూసినా, ఈ సీను ఇంకోసారి చెవి పెట్టి విను. మమ్మల్ని ఎందుకు చేసినారు అని డేవిడ్ అడుగుతాడు. చేయగలిగినాం కాబట్టి చేసినాం అంటాడు హాలొవే, తాగిన మత్తులో, ఆలోచించకుండా. మీ సృష్టికర్త మీకు అదే జవాబు చెప్తే ఎంత నిరాశగా ఉంటుందో ఊహించుకోండి అని డేవిడ్ మెల్లిగా అంటాడు. సినిమా మొత్తం ఆ రెండు ముక్కల మీదే నిలబడి ఉండాది. ఆ వెంటనే జవాబుల కోసం ఎంత దూరం పోతావని అడుగుతాడు, ఎంతైనా అని హాలొవే నోటితో అనిపించుకుంటాడు, అప్పుడే ఇంజనీర్ల కూజాలోంచి తెచ్చిన నల్ల ద్రవం చుక్క హాలొవే గ్లాసులో పడేది. అంటే వాడి లెక్కలో అనుమతి తీసుకున్నట్టే. అంతకుముందు చుక్క వేలి కొస మీద ఉన్నప్పుడు క్లోజప్‌లో చూడు, వేలిముద్ర గీతల్లో వాణ్ణి తయారుచేసిన వేలాండ్ కంపెనీ గుర్తు కనపడుతుంది. వాడి చర్మం మీద కూడా యజమాని ముద్రే. ఫాస్‌బెండర్, డేవిడ్ వేషం వేసినాయన, ఆ సీన్లో కనురెప్ప కూడా ఎక్కువ కదపడు.

ఇంక చివరికి ఆ కంపెనీ యజమాని వేలాండ్ ముసలాయన, తన సృష్టికర్త ముందు నిలబడి, నన్ను చావనీకు అని అడగడానికి వస్తాడు. డేవిడ్ తను నేర్చుకున్న ఆ పాత భాషలో ఇంజనీర్‌తో మాట్లాడే మాటలకు సినిమాలో సబ్‌టైటిల్ లేదు, కావాలనే వేయలేదు. ఆ భాష తయారుచేసి ఇచ్చింది భాషాశాస్త్రవేత్త అనిల్ బిల్టూ, డేవిడ్‌కు తెర మీద పాఠం చెప్పే గురువూ ఆయనే. ఈ మనిషి చావడం ఇష్టంలేక వచ్చినాడు, నువ్వు ఆయుష్షు ఇస్తావని నమ్ముతా ఉన్నాడు అని దాని అర్థమని తరవాత బయటపెట్టినారు. దానికి ఇంజనీర్ ఏం చేస్తాడు? డేవిడ్ తల మీద చెయ్యి వేసి నిమురుతాడు, ఆ తరవాత తల పెరికేస్తాడు. నిమరడం ఎందుకో నాకు ఇంతవరకూ ఒక్క అర్థంతో సరిపోలేదు. తన మనవణ్ణి చూసినట్టు చూసినాడా, ఇంకో తప్పు పుట్టిందని జాలిపడినాడా? నువ్వు చూసినాక నీకేమనిపించిందో రాయి.

మొదటి సీను దగ్గరికి వస్తా. ఐస్‌లాండ్‌లో డెట్టిఫోస్ జలపాతం దగ్గర తీసినారు. ఎత్తు 44 మీటర్లే, మన తలకోనంత లేదు, గాని వంద మీటర్ల వెడల్పున బూడిదరంగు నీళ్లు విరుచుకుపడతాయి. ఒక ఇంజనీర్ ఆ అంచున నిలబడి నల్ల ద్రవం తాగి, ముక్కలై నీళ్లలో కలిసిపోతాడు. వాడి డీఎన్ఏ తెగి మళ్లీ అతుక్కుంటుంది. అది భూమే అని కూడా తెర మీద చెప్పరు. తిరుపతిలో ఉన్నవాళ్లకు ఈ సీనుకు వేరే వివరణ అక్కర్లేదు. కొండమీద శుక్రవారం అభిషేకంలో చదివే పురుష సూక్తంలో ఉండేదదే: ఒక పురుషుడి శరీరాన్ని బలి ఇస్తే లోకం పుట్టింది. సృష్టి అంటే తనను తాను పోగొట్టుకోవడం అని మొదటి ఇంజనీర్ చూపిస్తాడు. వేలాండ్ దానికి తలకిందులు, తను చేసినవాణ్ణి వాడుకుని తను మిగలాలనుకుంటాడు. ఈ రెండు కొసలూ ఎదురెదురుగా పెట్టుకుని చూస్తే చివరి అరగంట గందరగోళంగా అనిపించదు.

నీ మొదటి ఫిర్యాదు, తెలివితక్కువ సైంటిస్టులు. ఇందులో రెండు రకాలుండాయి, విడదీయాల.

ఒకటి స్క్రిప్టు తప్పే. శ్రీహరికోట పక్కన పెరిగినవాళ్లం, గాలి బాగుందని మీటర్ చెప్పగానే హెల్మెట్ తీసేస్తే మనకెట్లా మింగుడుపడుతుంది? గాలిలో ఆక్సిజన్ ఉండటం వేరు, క్రిములు లేకపోవడం వేరు. ఫిఫీల్డ్ అనేవాడు జియాలజిస్టు, గుహ మొత్తానికి మ్యాప్ గీసే గుండ్లు వదిలింది వాడే, దారి తప్పిందీ వాడే. మన తిరుమల ఘాట్ రోడ్డులో కింద గ్రానైట్, దాని మీద కోట్లాది ఏళ్ల తేడాతో వచ్చి కూర్చున్న క్వార్ట్‌జైట్, ఆ గీత చూడ్డానికి దేశమంతటి నుంచి జియాలజీ పిల్లలు వస్తారు. ఇంకో లోకపు రాయి ముందు నిలబడి రాయిని తాకని జియాలజిస్టు నాకూ నమ్మబుద్ధి కాదు. విక్కర్స్ ఒకచోట 50 కోట్ల మైళ్లు వచ్చినాం అంటుంది. అంటే సుమారు 80 కోట్ల కిలోమీటర్లు, సూర్యుడి నుంచి గురుగ్రహం దూరం అంతే. అదే సినిమా మొదట్లో తెర మీద వేసిన దూరం లెక్కేస్తే 34 కాంతి సంవత్సరాలు దాటుతుంది. ఇది ఎవరో ఒకరు చదివి సరిచేయాల్సిన తప్పు.

రెండో రకం ఎడిటింగ్ తప్పు. బయాలజిస్టు మిల్‌బర్న్ ఆ పాములాంటి దాన్ని ముద్దు చేయబోయి చస్తాడే, దానికి ముందు ఒక సీను ఉండింది. కూజాలున్న గదిలోనే వాడికి చిన్న పురుగు దొరుకుతుంది, భూమి బయట దొరికిన మొదటి ప్రాణి అని చిన్నపిల్లాడి మాదిరి పొంగిపోతాడు. అది తీసేసినారు. అది ఉండింటే వాడి చావు మూర్ఖత్వం కాకుండా అత్యాశ అయ్యేది. వాళ్లు దిగిన చోటు ఇంజనీర్ల ఆయుధాల డిపో అని ఓడ కెప్టెన్ జానెక్ కనిపెట్టేది కూడా గాల్లోంచి ఊడిపడినట్టుంటుంది. దానికి ముందు అట్లాంటి స్థావరం గురించి వాడు విక్కర్స్‌కు చెప్పే సీనూ కోతలోనే పోయింది. ఇంజనీర్ మాట్లాడే పొడుగు వెర్షను కూడా అట్లే. రెండు గంటల నాలుగు నిమిషాల్లో సర్దాలని కత్తిరించింది రాక్షసులను కాదు, మనుషుల కారణాలను. డిస్క్‌లో ఈ కోతలన్నీ కలిపి అరగంటకు పైన ఉంటాయి.

షా తన కడుపులో పెరిగినదాన్ని యంత్రంతో తీయించుకునే సర్జరీ సీను గురించి నీకు నాకు తగాదా లేదు. ఆ యంత్రం మగవాళ్లకు మాత్రమే అమర్చి ఉండాది అని చెప్పగానే అది విక్కర్స్ కోసం కాదని, ఓడలో ఇంకెవరో ముసలాయన దాక్కున్నాడని అర్థం కావాల, ఒక్క వాక్యంలో రెండు పనులు. తప్పు దాని తరవాతది. కడుపు అడ్డంగా కోసి పిన్నులు కొట్టించుకున్న మనిషి రక్తంతో నడిచి వస్తే ఎవరూ ఏమైందని గట్టిగా అడగరు. పడిపోతున్న ఓడ కింద పక్కకు తిరక్కుండా నేరుగా పరిగెత్తడం గురించి లోకమంతా చెప్పేసింది, నేను ఇంక చెప్పను.

నల్ల ద్రవానికి నియమం లేదంటావు. సినిమా చెప్పదు, నిజమే. నేను మాత్రం మోతాదు, పోయిన దారి, ఎదుట ఉన్న ప్రాణి అనే మూడు పట్టుకుని చూస్తా. గిన్నెడు తాగినవాడు కరిగిపోయినాడు. ఒక్క చుక్క తాగిన హాలొవే లోపలి నుంచి మెల్లిగా చెడిపోయినాడు. మట్టిలోని పురుగులు దాంట్లో తడిసి పాములైనాయి. ఫిఫీల్డ్ ముఖం దాంట్లో పడి రూపమే మారిపోయింది. హాలొవే నుంచి షా కడుపులోకి పోయి పిల్లైంది, ఆ పిల్ల పెరిగి ఇంజనీర్‌ను పట్టింది, అక్కడి నుంచి చివరి జీవి. ఒక్కో మెట్టుకూ ఇంకో ప్రాణి కావాల. ఇట్లా రాసిపెట్టుకుంటే ఒకటీ అడ్డం తిరగదు.

ఎట్లా చూడాలంటే: ముందు రోజు రాత్రి 1979 సినిమా, థియేటర్ వెర్షను, 117 నిమిషాలు. మరునాడు ఇది. గుహ సీన్లన్నీ చీకట్లోనే తీసినారు కాబట్టి పొద్దుగూకినాక, లైట్లన్నీ ఆర్పి చూడు. టీవీలో కదలికను నున్నగా చేసే మోషన్ సెట్టింగు ఆపెయ్, సినిమా మోడ్ పెట్టు. అది ఆపకపోతే సెకనుకు 24 ఫ్రేములది కాస్తా సీరియల్ మాదిరి కనపడుతుంది, ఆ సెట్లు అట్ట అని తేలిపోతాయి. బ్రైట్‌నెస్ పెంచొద్దు, నలుపు బూడిదైపోతుంది. త్రీడీ కెమెరాలతోనే తీసిన సినిమా అయినా ఇంట్లో మామూలు వెర్షనే చూడు, అద్దాలు వెలుతురు తినేస్తాయి. వేలాండ్ హోలోగ్రాం వచ్చినప్పుడు సంగీతం విను, జెర్రీ గోల్డ్‌స్మిత్ పాత ‘ఏలియన్’ బాణీ అది. సినిమా అయినాక, అదే రాత్రి కాకుండా మర్నాడు ఆ కోత సీన్లు చూడు. ముందే చూస్తే కథ నీ తలలోనే సరిపోతుంది, సినిమా ఏం వదిలేసిందో తెలీదు.

ఆ తరవాత దీని తరవాతి భాగం, 2017 ‘కోవెనెంట్’. షాకు అక్కడ జరిగినదాన్ని నేను ఇప్పటికీ క్షమించలా. డేవిడ్ మాత్రం అక్కడ కొనసాగుతాడు, తనే సృష్టికర్తనవుతానని కూర్చుంటాడు. ‘ఓజిమాండియాస్’ పద్యం బైరన్ రాసినాడని చెప్పి, అది షెల్లీది అని తన మాదిరే ఉండే ఇంకో రోబో వాల్టర్ చేత దిద్దించుకుంటాడు. తప్పు చేయనివాణ్ణి అనుకున్నవాడి మొదటి తప్పు. ‘ప్రొమీథియస్’లో అద్దం ముందు నిలబడినవాణ్ణి గుర్తుపెట్టుకుంటేనే అది గుచ్చుకుంటుంది. 2024 ‘రోములస్’ కూడా మళ్లీ ఆ నల్ల ద్రవం దగ్గరికే వచ్చింది, చివర్లో పుట్టిన దాని ముఖంలో ఇంజనీర్ పోలిక చూడు. అందరూ కొట్టిపారేసిన సినిమా నుంచే తరవాతివాళ్లు సరుకు తీసుకుంటా ఉండారు.

కోత సీన్లున్న డిస్క్ నీ దగ్గర లేకపోతే చెప్పు, చిత్తూరు వచ్చేవాళ్లెవరైనా ఉంటే పంపిస్తా. అట్ట పెట్టె పగిలి ఉండాది, డిస్క్‌కు ఏమీ కాలేదు, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచి వెయ్యి. ఇంట్లో అందరికీ అడిగినానని చెప్పు. ఈసారి ఉత్తరంలో కోపం ఎంతైనా రాయి, గాని డేవిడ్ గురించి కనీసం ఒక పేజీ ఉండాల.

నీ,
తిరుపతి దోస్తు