నడుము బాగానే ఉందమ్మా

బాసెల్, స్విట్జర్లాండ్,
అక్టోబర్ 12

అమ్మా,

నువ్వూ నాయినా బాగున్నారని అనుకుంటున్నాను. నేను బాగున్నాను. నువ్వు నమ్మడం లేదని చెల్లె చెప్పింది. ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు, నేను చెప్పాలనుకున్నది మర్చిపోతాను. అందుకే కూర్చుని రాస్తున్నాను. చెల్లె, మెల్లగా చదివి వినిపించు, మధ్యలో ఏదీ వదిలిపెట్టకు.

నడుము సంగతి దాచిపెట్టిన మాట నిజమే. జూలైలో ఇల్లు మారేటప్పుడు బట్టల పెట్టె ఎత్తబోతే పట్టేసింది. మూడు రోజులు మంచం దిగలేదు. అప్పుడే చెప్తే నువ్వేం చేసేదానివి? అన్నం మానేసి గుట్టకు మొక్కుకునేదానివి. నాయిన పైకి ఒక్క మాట అనడు, రాత్రంతా మేలుకుంటాడు. అది నాకు తెలుసు కాబట్టే చెప్పలేదు. మిమ్మల్ని పరాయివాళ్లుగా చూశానని మాత్రం అనకమ్మా, ఆ మాటకు చాలా బాధేసింది.

మంచంలో పడుకుని నేను అనుకున్నది ఒక్కటే, నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల నాయిన నడుము బిగుసుకుపోయినట్టు నాకూ అయిందా అని. పదేళ్లు వచ్చేదాకా నేనూ ఆ బోరింగు నీళ్లే తాగాను కదా. ఫ్లోరైడ్ ఎవరికి పట్టిందో చూడ్డానికి బడికి డాక్టర్లు వచ్చినప్పుడు మమ్మల్ని వరుసగా నిలబెట్టి, మోకాళ్లు వంచకుండా నేల మీది రూపాయి బిళ్ల తియ్యమనేవాళ్లు. తర్వాత గదుమ ఛాతీకి ఆనించమనేవాళ్లు, చేతులు మెడ వెనక్కి పెట్టమనేవాళ్లు. నేను బిళ్ల తీశాను. నా పక్క పిల్లగాడు తియ్యలేకపోయాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి నాయిన ముందు బిళ్ల పడేసి తియ్యమన్నాను. నువ్వు నన్ను కొట్టావు. నాయిన కొట్టలేదు. కర్ర పట్టుకుని ఆ బిళ్లనే చూస్తూ నిలబడ్డాడు. జూలైలో మంచం పక్కన పడ్డ ఫోన్ నేను తీసుకోలేకపోయినప్పుడు నాకు కనబడింది ఆ బిళ్లే.

ఇక్కడి డాక్టరుకు మన నీళ్ల సంగతంతా చెప్పాను. ఆయన ఎక్స్‌రే తీయించి నాకే చూపించాడు. ఫ్లోరైడ్ పట్టిన ఎముక మామూలు కన్నా చిక్కగా, తెల్లగా కనిపిస్తుంది. నాయినది నల్లగొండలో చూశాం కదా. నాది అట్లా లేదమ్మా. ఎముకలు బాగున్నాయి. పొద్దంతా కుర్చీలోనే ఉండేసరికి వెన్నును పట్టి ఉంచే కండరాలు బలహీనపడ్డాయట, అంతే. ఫిజియోథెరపీకి, అంటే వ్యాయామాలతో చేసే వైద్యానికి పంపించాడు.

ఆఫీసు మామూలే. పని ఎక్కువే కానీ మంచివాళ్లున్నారు.

వీడియో కాల్‌లో నా వెనకాల కనిపించిన నీలం బంతి అదే, వ్యాయామానికి ఇచ్చింది. చెల్లె, మీ కాలేజీలో స్విస్ బాల్ అంటారే, అదే. చేసింది మాత్రం ఇటలీలో, 1963లో, ఒక ప్లాస్టిక్ వస్తువుల తయారీదారు. ఇక్కడి ఫిజియోథెరపీ వాళ్లు వైద్యానికి వాడటం మొదలుపెట్టారు. ఈ బాసెల్‌లోనే సుసాన్నె క్లైన్-ఫోగెల్‌బాఖ్ అనే ఆమె దాంతో వ్యాయామాలు నేర్పింది. అమెరికా నుంచి వచ్చిన ఫిజియోలు ఇక్కడ స్విట్జర్లాండ్‌లో చూసిపోయి స్విస్ బాల్ అని పిలిచారు. నేను ట్రామ్‌లో పోయే ఊళ్లోనే ఇదంతా జరిగిందని తెలిసినప్పుడు నీతో చెప్పాలనిపించింది.

నా ఎత్తుకు 65 సెంటీమీటర్లది సరిపోతుంది. మొదటి రోజు పూర్తిగా గాలి కొట్టలేదు. ఒక రోజు సాగనిచ్చి మర్నాడు నింపాం. కూర్చుంటే తొడలు నేలకు సమంగా ఉండాలి, పాదాలు రెండూ నేల మీద ఆనాలి. కూర్చోవడం తేలికే. వ్యాయామం చేయించే ఫిజియో ఒక మడమ ఎత్తమంది, ఎత్తాను. పాదం మొత్తం ఎత్తమంది. కుడి కాలు లేచీ లేవకముందే బంతి ఎడమకు జారింది, రెండు చేతులతో గోడ పట్టుకున్నాను. "ఊపిరి బిగబట్టకు, బొడ్డు కింద మెల్లగా లోపలికి తీసుకో, అప్పుడు ఎత్తు" అన్నది. అట్లా చేస్తే బంతి ఆగింది. పొట్ట లోపల ఎక్కడో బెల్టు బిగించినట్టు తెలిసింది. బంతి కదలబోయిన ప్రతిసారీ ఆ కండరాలు దాన్ని ఆపుతాయి. వాటికి అదే పని నేర్పడం.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావమ్మా. ఊరబావి నుంచి నెత్తి మీద రెండు బిందెలు, చంకలో ఒకటి. చుట్టకుదురు సర్దుకుని, కొంగు నడుముకు బిగించి, ఒక్క క్షణం ఆగి అడుగు వేసేదానివి. ఆ ఆగడం ఎందుకో చిన్నప్పుడు నాకు తెలిసేది కాదు. నీ వెనకాల నడుస్తూ నీళ్లు తొణికి నా మీద పడతాయని చూసేవాణ్ణి, పడేవి కావు. ఇక్కడ నాకు ఆరు వారాలు పట్టింది, ఒక కాలు ఎత్తి పది సెకన్లు కదలకుండా కూర్చోవడానికి.

ఇప్పుడు వారానికి మూడు రోజులు చేస్తున్నాను. వెల్లకిలా పడుకుని పిక్కలు బంతి మీద పెట్టి నడుము పైకి ఎత్తడం, మోకాళ్ల మీద కూర్చుని ముంజేతులతో బంతిని ముందుకు దొర్లించి వెనక్కి తేవడం. నడుము కిందికి వాలిపోతే అక్కడితో ఆపేయాలి. నొప్పి కాలులోకి దిగినా ఆపేయాలి. నేను మొండిగా చెయ్యను, నీ మీద ఒట్టు.

నాటు మందు పంపకు. ఇక్కడ పార్సిల్ ఆపేయొచ్చు.

చెల్లె, అమ్మ బాత్రూంలో జారిందని నువ్వు ఆమెకు కూడా బాల్ కొంటానన్నావు. వద్దు. మన బండల మీద అది నిలవదు, ఆమె దాని మీంచి పడితే తుంటి విరుగుతుంది. వంటింటి గట్టు పట్టుకుని ఒక కాలి మీద పది అంకెలు లెక్కపెట్టేదాకా నిలబడమను, తర్వాత ఇంకో కాలు. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోమను, కుర్చీ గోడకు ఆనించి ఉండాలి. నువ్వు పక్కనే నిలబడు. ఆమె పని చేసుకుంటూ చేస్తానంటుంది, ఒప్పుకోకు. బాత్రూంలో పట్టుకోవడానికి రాడ్ పెట్టించు, ఆ డబ్బులు నిన్ననే వేశాను.

నాయిన దగ్గర మాత్రం ఇవేవీ ఎత్తకు. ఆయన వెన్ను వెంట ఎముకల్ని కట్టి ఉంచే నారలు కూడా ఎముకలా గట్టిపడ్డాయి. వంచబోతే నరం మీదికి వస్తుంది. కృష్ణా నీళ్లు మన నల్లాకు వచ్చేసరికే ఆలస్యమైపోయింది. చేతులూ కాళ్లూ డాక్టర్ చెప్పినంత వరకే కదిలించాలి.

బత్తాయి తోటకు నీళ్లు సరిపోతున్నాయా? బావ కౌలు సంగతి ఏం చేశాడో రాయలేదు. బతుకమ్మ ఫోటోల్లో నువ్వు వెనకాల నిలబడ్డావు, ఎందుకు ఆడలేదు? మోకాలు నొప్పా, లేక నా మీద కోపమా?

నిన్న పొద్దున రూపాయి బిళ్ల నేల మీద పెట్టి మోకాళ్లు వంచకుండా తీశాను. మన రూపాయే, పోయినసారి నువ్వు నా జేబులో పెట్టినది. నాయినకు ఈ మాట చెప్పాలో వద్దో నువ్వే చూడు.

ఆయన కర్ర కింద రబ్బరు తొడుగు అరిగిందేమో ఇవాళే తిప్పి చూడు. అరిగితే బండల మీద జారుతుంది. కర్ర ఎంత లావుందో చెల్లెతో కొలిపించి పంపు, వచ్చేటప్పుడు నాలుగు తెస్తాను.

నీ కొడుకు