మళ్లీ తుఫాను వచ్చేదాకా ఆగాలా, మంత్రిగారూ?

రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను విశాఖపట్నం సీతమ్మధారలో ఉంటాను. హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. రోడ్లు, కాలువలు, చెత్త గురించి మీకు రోజూ అర్జీలు వస్తూనే ఉంటాయి. నేను రాస్తున్నది ఒకే వీధిలో ఉంటూ ఒకరికొకరం ఏమీ కాకుండా పోతున్న మనుషుల గురించి. ఇది మన శాఖ పని కాదని మీ పేషీలో ఎవరైనా అనవచ్చు. మీ శాఖ పనే అని నా నమ్మకం. ఎందుకో చెప్పాలంటే ముందు ఒక నుయ్యి సంగతి చెప్పాలి.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను రోజు. ఆ గాలి శబ్దం విన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మర్నాడు చూస్తే కైలాసగిరి మీద పచ్చదనం అన్నది లేదు, కొండంతా మాడిపోయినట్టుంది. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. కరెంటు లేకపోతే బోరు మోటారు తిరగదు. మోటారు తిరగకపోతే ఐదో అంతస్తులో ఎంత డబ్బున్నవాడికైనా కాళ్లు కడుక్కోవడానికి నీళ్లుండవు.

మా వీధి చివర పాత పెంకుటింటి ఆవరణలో ఒక నుయ్యి ఉండేది. ఏళ్ల తరబడి ఎవరూ అందులో చేద వేసింది లేదు. ఆ ఇంటి పెద్దాయన సోమవారం పొద్దున్నే గేటు బార్లా తీసి, "రండమ్మా, తోడుకోండి" అన్నారు. ఒక గంటలో అక్కడ యాభై బిందెలు చేరాయి. మా అపార్ట్‌మెంట్ వాళ్లం, వెనక కొండవాలు మీద రేకుల ఇళ్లలో ఉండేవాళ్లు, బ్యాంకు ఆఫీసరు, ఆటో నడిపే కుర్రాడు, అందరం ఒకే లైను.

నా వంతు వచ్చింది. చేద వేశాను. అది నీళ్ల మీద తేలుతూ కూర్చుంది. ఎంత ఆడించినా మునగదు. వెనకాలున్న ఒకావిడ నా చేతిలోంచి చాంతాడు తీసుకుంది. "అలాక్కాదు టీచరమ్మా, తాడుని ఒక్క ఇసురు ఇసిరి పక్కకి కొట్టాల. అప్పుడు బోర్లా పడి మునుగుతాది" అంది. అన్నట్టే మునిగింది. నాలుగు చేదలు తోడేసరికి నా అరచేతులు ఒరుసుకుపోయాయి. ఆవిడ నా చేతులు చూసి, కొంగున కట్టుకున్న పాత గుడ్డని రెండుగా చింపి నా రెండు చేతులకీ చుట్టింది. ముందురోజు గాలికి ఆవిడ ఇంటి రేకులు మొత్తం ఎగిరిపోయాయని ఆ తరవాత ఎవరో చెబితే తెలిసింది. తలమీద కప్పు లేని మనిషి నా అరచేతుల గురించి ఆలోచించింది.

ఆ రాత్రి నుంచి కొండ మీది పిల్లలు మా పార్కింగులో పడుకున్నారు. ఎవరింట్లో గ్యాసు ఉంటే అక్కడ వంట. బియ్యం ఒకరివి, పప్పు ఒకరిది, చెట్టు నుంచి రాలిన కాయలు అందరివీ. ఆ రోజుల్లో ఎవరూ ఎవరి కులం అడగలేదు, ఏ పార్టీ అని అడగలేదు. వారం తిరిగాక ఒక రాత్రి కరెంటు వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. మర్నాడు నూతి దగ్గరికి ఎవరూ వెళ్లలేదు.

తరవాత ఆ పెంకుటిల్లు డెవలప్‌మెంటుకి వెళ్లింది. నూతి మీద స్లాబ్ వేశారు, ఇప్పుడు దాని మీద రెండు కార్లు నిలబడతాయి. మా అపార్ట్‌మెంటులో కూడా ఒక మార్పు వచ్చింది. పనివాళ్లు, డెలివరీ వాళ్లు లిఫ్టు వాడకూడదు, మెట్ల మీదుగా రావాలి అని అసోసియేషన్ తీర్మానం చేసి బోర్డు పెట్టింది. లిఫ్టు కరెంటు బిల్లు పెరుగుతోందన్నది కారణం. ఆ మీటింగులో నేనూ ఉన్నాను. నోరు విప్పలేదు.

ఒకరోజు కూరగాయల సంచితో దిగుతుంటే మూడో అంతస్తు మలుపులో ఒకావిడ మెట్టు మీద కూర్చుని రెయిలింగు పట్టుకుని ఆయాసపడుతోంది. చేద వేయడం నేర్పినావిడ. ఐదో అంతస్తులో పనికి కుదిరిందట. మోకాళ్లు అరిగిపోయాయి. నన్ను చూసి లేవబోయింది. "ఏటి టీచరమ్మా, బాగున్నావా?" అని నన్నే అడిగింది. నాకు జవాబు చెప్పడానికి మాట రాలేదు. ఆ తరవాతి మీటింగులో బోర్డు తీసేయాలని అడిగాను. నాతో ఇద్దరు చేతులెత్తారు. రూలు రూలే అన్నారు మిగతావాళ్లు. ఒక్కసారి వాళ్ల ముఖాలు చూశాను. వాళ్లలో సగం మంది ఆ నూతి దగ్గర లైనులో నిలబడినవాళ్లే.

మంత్రిగారూ, అప్పటినుంచి నన్ను ఒకటే ప్రశ్న తినేస్తోంది. మనుషులు వాళ్లే, వీధి అదే. మరి ఏం మారింది? మనసులు మారాలి, చైతన్యం రావాలి అని సభల్లో చెబుతాం. ఆ మాట తప్పని నేననను. కానీ చెబితే మనసు మారుతుందా? ఇన్నేళ్లు పిల్లలకు పాఠం చెప్పాను. వేర్వేరు పేటల పిల్లలు ఒక బెంచీ మీద కూర్చోనంటే ఐకమత్యం మీద పాఠం చెప్పి ఎప్పుడూ గెలవలేదు. ఇద్దరికీ కలిపి ఒక పార, ఒక మొక్క ఇచ్చినప్పుడు గెలిచాను. చేతులు కలిసి పని చేస్తే మనసు దాని వెనకే వస్తుంది. మా వీధిలో చేతులు కలిపిన చోటు నుయ్యి. అది మూసేశాం.

మనకిది కొత్త సంగతేం కాదు. భీమిలి దారిలో బావికొండ, తొట్లకొండ ఉన్నాయి. రెండువేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు వాననీరు నిలవ చేసుకోవడానికి రాతిని తొలిచిన తొట్లు, బావులే ఆ కొండలకు పేర్లయ్యాయి. తొట్లకొండ మీద వంటశాల, భోజనశాల పునాదులు ఇప్పటికీ కనిపిస్తాయి. మైత్రి, కరుణ గురించి బోధించినవాళ్లు ముందు అందరికీ ఒకే తొట్టి, ఒకే వంట ఏర్పాటు చేసుకున్నారు. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లినప్పుడల్లా స్తూపం కన్నా ముందు ఆ తొట్లే చూపించేదాన్ని.

సింహాద్రి అప్పన్న గిరి ప్రదక్షిణ చూడండి. ఆషాఢ పౌర్ణమి ముందురోజు తొలిపావంచా దగ్గర మొదలుపెట్టి 32 కిలోమీటర్లు, లక్షల మంది కొండ చుట్టూ నడుస్తారు. హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార, గోపాలపట్నం, దారి పొడుగునా మజ్జిగ, పులిహోర, మంచినీళ్లు. ఇచ్చేవాడు పేరు అడగడు, తీసుకునేవాడు చెప్పడు. మిగతా రోజుల్లో తాళం వేసి ఉండే గేట్లు ఆ రాత్రి తీసి ఉంటాయి. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లని బాత్రూమ్‌కి లోపలికి పిలుస్తారు. అంటే ఈ ఊరికి మంచితనం లేకపోలేదు. అది బయటికి రావడానికి ఏడాదిలో ఒక రాత్రో, పదేళ్లకొక తుఫానో కావలసి వస్తోంది. నా బాధంతా అదే.

పాతపోస్టాఫీసు వైపు గుడి, దర్గా, చర్చి మూడు కొండల మీద పక్కపక్కనే ఉన్నాయని చుట్టాలకు గర్వంగా చూపిస్తాం. గర్వపడాల్సిందే, దర్గా కొండకి అన్ని మతాలవాళ్లూ వెళ్తారు. కింద ఊళ్లో మాత్రం అద్దె ఇంటికి వెళితే "మీరేవిట్లు?" అని కులం అడగడమే మొదటి ప్రశ్న.

మీ ప్రభుత్వం 2025 ఉగాదికి పి4 అనే పేదరిక నిర్మూలన పథకం మొదలుపెట్టింది. ఉన్నవాళ్లు మార్గదర్శులై, లేనివాళ్ల కుటుంబాలను బంగారు కుటుంబాలుగా దత్తత తీసుకోవాలని. మంచి ఆలోచన, నేను కాదనను. అయితే ఒక మనవి. దత్తతలో ఒకరి చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుంది. ఆ నూతి దగ్గర నాకు చేద వేయడం నేర్పింది రేకుల ఇంటి ఆవిడ. అక్కడ మార్గదర్శి ఎవరు, బంగారు కుటుంబం ఎవరు? డబ్బు ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ నెలకొకసారైనా ఒక చోట కూర్చుని ఒక పని కలిసి చేసేలా ఆ పథకంలో రాయించండి.

సౌభ్రాతృత్వం అన్న మాట మన రాజ్యాంగ పీఠికలో ఉంది. పిల్లలకి నోరు తిరగక నాతో పదిసార్లు చెప్పించుకునేవారు. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం ఒకదాన్నుంచి ఒకటి విడదీయలేనివని అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలోనే చెప్పారు. మొదటి రెంటికీ చట్టాలు, కోర్టులు ఉన్నాయి. మూడోదానికి చోటు కావాలి, ఆ చోటు మీ శాఖ చేతిలో ఉంది. మూడు లక్షలు, అంతకుమించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243-ఎస్ అధికరణం చెబుతోంది. విశాఖలో 98 వార్డులున్నాయి. ప్రతి వార్డులో ఆ కమిటీ ఉండాలి, కూలీ పని చేసుకునేవాళ్లు రాగలిగేలా సాయంత్రం పూట కూర్చోవాలి, కొండవాలు మీది ఆడవాళ్లు అందులో ఉండాలి. ఈరోజు వార్డు సచివాలయానికి సర్టిఫికెట్ కోసమే వెళ్తున్నాం. వారానికి ఒక సాయంత్రం ఆ తలుపు మనుషులు కలుసుకోవడానికి తెరిచి పెట్టండి. లేఅవుట్లలో అందరికోసం వదిలిన ఖాళీ స్థలానికి తాళం పడకుండా చూడండి.

భూటాన్ తన 2008 రాజ్యాంగంలో స్థూల జాతీయ ఆనందం అన్న మాట రాసుకుంది. అక్కడి సర్వేలో ఇరుగుపొరుగు మీద నమ్మకం ఎంత అని కూడా అడుగుతారు. మన ఇళ్లకు సర్వేకి వచ్చే పిల్లలు అన్నీ అడుగుతారు. అర్ధరాత్రి కష్టం వస్తే మీరు తలుపు తట్టగల ఇళ్లు ఎన్ని అన్న ప్రశ్న ఒకటి వాళ్ల ఫారంలో చేర్చండి. జవాబులు చూస్తే మీకే కంగారు పుడుతుంది.

ఇక లిఫ్టు. మీకిది చిన్న విషయంలా కనిపించవచ్చు. అపార్ట్‌మెంట్లకు ప్లాను అనుమతి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేది మీ శాఖ కింద ఉన్న కార్పొరేషనే. చేసే పనిని బట్టి ఏ మనిషినీ లిఫ్టు ఎక్కొద్దనకూడదని ఒక్క సర్క్యులర్ ఇవ్వండి. దానికి బడ్జెట్ అక్కర్లేదు.

మా అసోసియేషన్ మీటింగు వచ్చే నెల మొదటి ఆదివారం. బోర్డు సంగతి మళ్లీ ఎత్తుతాను. ఈసారి చేద వేయడం నేర్పిన ఆవిణ్ణి కూడా పిలిచాను. వస్తానంది, లిఫ్టులో తీసుకెళ్తానని మాటిచ్చాను. ఆలోపు మీ శాఖ నుంచి ఆ కాగితం వస్తే, అది చేత్తో పట్టుకుని మాట్లాడతాను.

నమస్కారాలతో,
సీతమ్మధార నుంచి ఒక రిటైర్డ్ టీచరు
విశాఖపట్నం